వ్యాగన్ ఆర్‌కు నల్లగొండ, పాలమూరు పరీక్ష: ఎండ, దుమ్ము, బోరు నీళ్లు

2019 జనవరిలో వచ్చిన మూడో తరం వ్యాగన్ ఆర్ నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కనబడే బండి. ధర, ఆఫర్ల సంగతి షోరూంలోనే తెలుస్తుంది కాబట్టి ఈ రివ్యూ వాటి జోలికి పోదు. కొన్న మర్నాటి నుంచి రోజూ చేతికి తగిలేవి వేరే ఉంటాయి: ఏసీ, వైపర్లు, అద్దాలు, లైట్లు, టైర్లు, బ్యాటరీ. మే నెల ఎండలో, వరి కోతల నాటి దుమ్ములో, మర్రిగూడ, మునుగోడు వైపు దొరికే బోరు నీళ్లతో అవి ఎట్లా నడుస్తాయి, ఎట్లా వాడితే నిలబడతాయి, ఏది ఎందుకు పాడవుతుంది అన్నదే ఇక్కడ విషయం.

ముందే చెప్పేస్తే, బండి మన నేలకు పనికొస్తుంది. ఎక్కువ పనులు నాబ్‌లతో, మీటలతో, మామూలు బల్బులతో నడిచేవి. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో ఉన్న మెకానిక్ కూడా ధైర్యంగా చెయ్యి పెట్టగలడు. కాకపోతే 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఒకసారి సర్వీసు అన్న మామూలు లెక్క మన దగ్గర చాలదు. ఓనర్ మాన్యువల్‌లోనే దుమ్ము రోడ్ల మీద, విపరీతమైన వేడిలో తిరిగే బండ్లకు ఇంకో పట్టిక ఉంటుంది. అందులో ఫిల్టర్లకు, ఆయిల్‌కు గడువులు తక్కువ. మన బండ్లు ఆ పట్టిక కిందికే వస్తాయి. సర్వీసుకు దించేటప్పుడు దాని ప్రకారమే చెయ్యమని జాబ్ కార్డు మీద రాయించండి.

ఈ బండికి అసలు బలం కూర్చునే ఎత్తు. మొత్తం ఎత్తు 1,675 మిల్లీమీటర్లు కావడంతో సీట్లోకి కుంగాల్సిన పని లేదు, పక్కకు జరిగి కూర్చుంటే చాలు. ఫ్లోరోసిస్‌తో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లున్న ఇళ్లల్లో ఈ ఒక్క కారణంతో దీన్ని ఎంచుకున్నా తప్పు లేదు. అయితే ఆ ఎత్తు, నిలువుగా ఉండే పెద్ద అద్దాలు ఎండకాలం ఏసీకి పెద్ద పని పెడతాయి. వెనక సీటుకు విడిగా ఏసీ వెంట్లు లేవు. ముందున్న నడిమి వెంట్లు రెంటినీ పైకి తిప్పి, గాలి కప్పు వెంబడి వెనక్కి పోయేటట్టు పెడితే వెనకవాళ్లకు చల్లదనం త్వరగా అందుతుంది. ముందువాళ్ల మొహానికి గురిపెడితే వెనక సీటు చల్లబడటానికి చాలాసేపు పడుతుంది.

ఏసీ మాన్యువల్. నాబ్‌లు గుండ్రంగా, పెద్దగా ఉండటంతో రోడ్డు మీద నుంచి చూపు తియ్యకుండా తిప్పుకోవచ్చు. టచ్ స్క్రీన్ మీద వేళ్లు వెతుక్కోవడం కన్నా ఇదే మేలు. ఎండలో నిలబెట్టిన బండిలో లోపలి వేడి బయటికంటే 15, 20 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఎక్కగానే అద్దాలన్నీ మూసి ఏసీ వేస్తే ఆ వేడినంతా ఏసీయే మొయ్యాలి. అట్లా కాకుండా నాలుగు అద్దాలూ దించి, ఫ్యాన్ పూర్తిగా పెంచి, బయటి గాలి వచ్చే స్థితిలో ఒక నిమిషం బండి నడపండి. వేడి గాలి బయటికి పోయాక అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్‌లోకి మార్చండి. టెంపరేచర్ నాబ్‌ను చివరి నీలం గీత దాకా తిప్పి అక్కడే ఉంచి, చలి ఎక్కువైతే ఫ్యాన్ స్పీడు తగ్గించండి. నాబ్‌ను మధ్యలో పెడితే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. నిజానికి అక్కడ జరిగేది చల్లటి గాలిలో హీటర్ వేడి కలవడమే. గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ పని తగ్గదు.

రీసర్క్యులేషన్‌ను గంటల తరబడి అట్లాగే ఉంచకూడదు. నలుగురు కూర్చున్న బండిలో లోపలి గాలి బరువెక్కి డ్రైవర్‌కు మత్తు వస్తుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి తీసుకోండి. మట్టి రోడ్డు మీద మాత్రం లోపలి గాలే మంచిది. వానకాలంలో ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పడితే లెక్క తిరగబడుతుంది: బయటి గాలి, ఏసీ ఆన్, గాలి అద్దం మీదికి. ఏసీ గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి కొద్దిసేపట్లోనే తేటపడుతుంది. ఆవిరి అద్దానికి బయటివైపు ఉంటే అది అద్దం మరీ చల్లబడటం వల్ల వచ్చింది. వైపర్ ఒకసారి తిప్పి, అద్దం మీదికి కొట్టే చల్లగాలిని తగ్గించండి.

ఇంటికి చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి ఫ్యాన్ నడవనివ్వండి. డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ మీద తడి ఆరిపోతుంది. ఆ తడి రోజూ అట్లాగే ఉండిపోతే బూజు పట్టి, ఉదయం ఏసీ వెయ్యగానే ముక్కవాసన కొడుతుంది. అప్పుడు సెంటు సీసా తగిలించి లాభం లేదు, కాయిల్‌ను ఫోమ్ క్లీనర్‌తో కడిగించాలి.

ఎండకాలం రాగానే ఏసీ కూలింగ్ తగ్గిందని గ్యాస్ పట్టించడం మన దగ్గర అలవాటుగా మారింది. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ నింపితే వచ్చే ఏడాది మళ్లీ అదే ఖర్చు. నైట్రోజన్ పెట్టి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడమనండి, కనబడని లీకైతే డై వేసి అల్ట్రావయొలెట్ లైటుతో వెతకమనండి. తర్వాత వాక్యూమ్ పంపుతో పైపుల్లో గాలి, తేమ లాగేసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపాలి. గేజీ చూసి అందాజాగా నింపితే ఎక్కువ పడే ప్రమాదం ఉంది. గ్యాస్ ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది, ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతుంది.

గ్యాస్ దాకా పోయే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి ఉన్నాయి. బండి నడుస్తుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వెచ్చబడుతోందంటే అనుమానం గ్యాస్ మీద కాదు, ముందున్న ఫ్యాన్ మీద పెట్టుకోవాలి. బానెట్ ఎత్తి, ఏసీ వేసి, రేడియేటర్ దగ్గరి ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి. చెయ్యి లోపల పెట్టొద్దు, అది ఏ క్షణమైనా తిరగొచ్చు. ఫ్యాన్ బాగానే ఉంటే కండెన్సర్ చూడండి. ముందు గ్రిల్ వెనక, రేడియేటర్ కంటే ముందుండే సన్నటి అల్యూమినియం జాలీ అది. కోతల సీజన్ అయ్యేసరికి పురుగులు, పొట్టు, పత్తి పింజలు, ఎర్రమట్టి కలిసి దాని మీద చాపలాగా పేరుకుంటాయి. ఇంజన్ చల్లారాక మామూలు పైపుతో, ఒత్తిడి లేకుండా నీళ్లు పోసి కడిగితే చాలు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి, వంగినచోట గాలి దూరదు.

పనితనం కొలవాలంటే ఒక డిజిటల్ థర్మామీటర్ చాలు. అద్దాలు మూసి, రీసర్క్యులేషన్‌లో, ఫ్యాన్ మధ్య స్పీడులో పది నిమిషాలు నడిపాక నడిమి వెంట్‌లో పెట్టండి. బయట 40 డిగ్రీలున్నప్పుడు అక్కడ 8 నుంచి 12 మధ్య ఉంటే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టు. 15 దాటితే చూపించాలి. బండి కింద నీళ్లు కారడం మంచి గుర్తే. ఏసీ నడుస్తున్నా ఏమీ కారకుండా, ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తుంటే డ్రెయిన్ పైపులో మట్టి ఇరుక్కుందని అర్థం. కింది నుంచి మెల్లగా గాలి పెడితే ఊడి వస్తుంది.

క్యాబిన్ ఫిల్టర్ గది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కి దించితే కనబడుతుంది. పాత బండి కొన్నవాళ్లు ముందు అందులో ఫిల్టర్ ఉందో లేదో చూడండి, ఖాళీగా తిరిగే బండ్లు ఉన్నాయి. బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండాలి. మన దుమ్ముకు ఏడాది పొడుగునా ఒకటే ఫిల్టర్ ఉంచడం దండగ. యాసంగి కోతలు అయ్యాక ఒకటి, వానకాలం కోతలు అయ్యాక ఒకటి మార్చండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర తిరిగే బండ్లకు ఇంకా త్వరగా నిండుతుంది, ఊక బూడిద చాలా సన్నది.

ఇంజన్ ఎయిర్ ఫిల్టర్‌దీ అదే కథ. 5,000 కిలోమీటర్లకోసారి డబ్బా క్లిప్పులు తీసి చూడండి. గాలి కొట్టేటప్పుడు శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి బయటికి, దూరం నుంచి కొట్టాలి. మురికి వైపు నుంచి కొడితే మట్టి కాగితంలోకి ఇంకా లోతుకు దిగుతుంది. రెండు మూడు సార్లు దులిపాక కొత్తది వెయ్యడమే మంచిది. మూత పెట్టేటప్పుడు రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. సందు ఉంటే దుమ్ము ఫిల్టర్‌ను తప్పించుకుని నేరుగా ఇంజన్‌లోకి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

ఇక నీళ్ల సంగతి. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి మండలాల బోర్లలో ఫ్లోరైడ్ ఉందని లోకానికంతా తెలుసు. కారుకు చేటు చేసేది మాత్రం ఆ నీళ్లలోనే ఉండే సున్నం. స్టీలు బిందె అడుగున తెల్లగా పట్టేది ఏదో, రేడియేటర్‌లో, వాషర్ పైపులో పట్టేదీ అదే.

వాషర్ ట్యాంకులో బోరు నీళ్లు పోస్తే మొదట మూసుకుపోయేది బానెట్ దగ్గరి సన్నటి నాజిల్. నీళ్లు రాకపోయినా మీట లాగి పట్టుకుంటే మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది. మోటారు చప్పుడు వినబడుతూ నీళ్లు రాకపోతే నాజిల్‌ను సన్నటి గుండుసూదితో మెల్లగా పొడవండి. రంధ్రం పెద్దది చెయ్యకూడదు, ధార చెదిరిపోతుంది. అప్పటికీ రాకపోతే తెల్ల వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, నాజిల్ మీద తడిపిన దూది పావుగంట ఉంచితే సున్నం కరుగుతుంది. ఆ తర్వాత ట్యాంకులో ఆర్వో నీళ్లుగాని, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌గాని పొయ్యండి. గ్లాస్ క్లీనర్ కలిపితే దాని సీసా మీద రాసిన పాళ్లలోనే కలపండి. సర్ఫు పొడి వద్దు. నురగ అద్దం మీద ఆరి, రాత్రి ఎదురు లైట్లకు అద్దమంతా మెరుస్తుంది.

రేడియేటర్ విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోస్తే, వేడికి సున్నం సన్నటి గొట్టాల గోడలకు పట్టుకుంటుంది, కూలెంట్‌లో తుప్పును ఆపే మందు పలచబడుతుంది. మొదటి ఏడాది ఏమీ తెలియదు. తర్వాత ఒక మే నెలలో, ఏసీ వేసుకుని హైవే మీద పోతున్నప్పుడు టెంపరేచర్ గుర్తు ఎర్రగా వెలుగుతుంది. రిజర్వాయర్ సీసాలో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉండాలి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. తగ్గితే కంపెనీ చెప్పిన రకం ప్రీమిక్స్ (ముందే నీళ్లు కలిపి వచ్చే) కూలెంటే పొయ్యండి. దాంట్లో మళ్లీ నీళ్లు కలపొద్దు. రెండు రంగుల కూలెంట్లు కలిపితే కొన్ని రకాలు చిక్కబడి జిగురవుతాయి. అడవిలోనో ఘాట్‌లోనో దారి లేక నీళ్లు పొయ్యాల్సి వస్తే పొయ్యండి, ఇంజన్ ముఖ్యం. ఊరు చేరాక మొత్తం దింపించి కొత్తది నింపించండి.

ఎర్ర గుర్తు వెలిగినప్పుడు చెయ్యాల్సినవి వరుసగా: ఏసీ ఆపండి, హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి ఫ్యాన్ పెంచండి, అద్దాలు దించి రోడ్డు పక్కన ఆపండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని లాగుతుంది. ఆవిరి వస్తుంటే వెంటనే ఇంజన్ ఆపేయండి. మూత మాత్రం అరగంట దాటి, చేతికి చల్లగా తగిలేదాకా తియ్యొద్దు. లోపల ప్రెషర్‌లో మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

బండి కడగడం కూడా ఈ నీళ్లతో జాగ్రత్తగా చెయ్యాల్సిన పనే. ఎండలో కడిగితే చుక్కలు అక్కడికక్కడే ఆరి తెల్ల మచ్చలవుతాయి, వదిలేస్తే రంగు మీదుండే క్లియర్ కోటు పొరలోకి దిగుతాయి. పొద్దున్నే, నీడలో కడిగి, ఒక్కో పక్క అయిపోగానే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. అద్దం మీద మచ్చలకు వెనిగర్ నీళ్లు పనిచేస్తాయి. రంగు మీద వాడితే వెంటనే మంచి నీళ్లతో కడిగెయ్యాలి.

వైపర్ రబ్బరు మన ఎండకు ఏడాది నిలిస్తే గొప్ప. వానకాలం మొదలయ్యే ముందు, మే చివరలో మార్చడం సరైన సమయం. గీతలు గీస్తే అంచు చీలింది, ఎగిరెగిరి పడితే రబ్బరు గట్టిపడింది, ఒకేచోట మరకలా వదిలేస్తే చెయ్యి స్ప్రింగు బలం తగ్గింది. పొడి దుమ్ము మీద వైపర్ తిప్పకూడదు, ఇసుక రేణువులు అద్దాన్ని గీకుతాయి. ముందు నీళ్లు, తర్వాతే వైపర్.

వెనక వైపర్ ఉన్న వేరియంట్‌ను గట్టిగా సిఫారసు చెయ్యాలి. ఈ బండి వెనక భాగం నిలువుగా తెగినట్టు ఉంటుంది. నడిచేటప్పుడు వెనక గాలి సుడి తిరిగి దుమ్మునంతా అద్దం మీదికే తెస్తుంది. మట్టి రోడ్డు మీద పది కిలోమీటర్లు పోతే వెనక ఏమీ కనబడదు. జెడ్ఎక్స్ఐ అనే పై వేరియంట్‌లో వెనక వైపర్, వాషర్, అద్దం మీది ఆవిరిని వేడితో పోగొట్టే డీఫాగర్ గీతలు వస్తాయి. డీఫాగర్ గీతలను లోపలి నుంచి గట్టిగా రుద్దినా, వాటి మీద స్టిక్కర్ అంటించి పీకినా తెగిపోతాయి. పక్కకు, గీతల వెంబడే తుడవాలి.

పవర్ విండో మెల్లగా లేస్తుంటే మోటారు పోయిందని అనుకోకండి. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము ముద్ద కట్టి ఉంటుంది. తడి గుడ్డను పలకకు చుట్టి గాడి పొడుగునా తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఆయిల్ వద్దు. వాటికి దుమ్ము ఇంకా అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బుతుంది.

కోతలప్పుడు రోడ్లే కల్లాలవుతాయి. వడ్ల కుప్పలు తప్పించుకోవడం ఒక ఎత్తు, గడ్డి ఇంకో ఎత్తు. గడ్డి పరుపు మీదుగా పోతే సైలెన్సర్ పైపుకు చుట్టుకుంటుంది. ఆ పైపు దారిలోనే పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది, ఎండుగడ్డి అంటుకోవడానికి అది చాలు. అట్లాంటి రోడ్డు దాటగానే ఆగి కింద చూడండి. ఎండు గడ్డి మీద బండి నిలబెట్టి ఇంజన్ నడుపుతూ కూర్చోవడం అసలే కూడదు.

హెడ్‌లైట్లు హాలోజన్. వెలుతురు ఊళ్లో చాలుతుంది, 65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి వేగంగా పోయేవారికి తక్కువనిపిస్తుంది. అందుకని వందకు పైగా వాట్ల బల్బులు వేస్తే హోల్డర్ కరుగుతుంది, వైరింగ్ మాడుతుంది. అదే వాటేజీలో మంచి బల్బు వేసి, ఫోకస్ సరిచేయిస్తే సగం బాధ తీరుతుంది. బల్బు గాజును వేళ్లతో తాకొద్దు. డాష్‌బోర్డు కింద సున్నా నుంచి మొదలయ్యే చిన్న చక్రం ఉంటుంది, లైట్ల ఎత్తు మార్చేది. డ్రైవర్ ఒక్కడే ఉంటే సున్నా. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే వెనక కుంగి లైట్లు పైకి లేస్తాయి, అప్పుడు అంకె పెంచాలి. 341 లీటర్ల డిక్కీ నింపుకుని పెళ్లికి పోయే బండి ఎదుటివాళ్ల కళ్లలోకి కొట్టేది ఈ చక్రం తిప్పకపోవడం వల్లే.

టైర్లు వేరియంట్‌ను బట్టి 13 లేదా 14 అంగుళాలు. హైవే ఎక్కువ తిరిగేవారికి 14 అంగుళాలవే నయం. గాలి లెక్క డ్రైవర్ తలుపు తీస్తే పిల్లర్ స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు అంచు మీద రాసింది గరిష్ఠ పరిమితి, అది మనం పట్టించాల్సిన లెక్క కాదు. పదిహేను రోజులకోసారి, ఉదయం బండి కదలకముందే చూడాలి. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా మధ్యాహ్నం నడిపితే నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం సహజం. పెరిగిందని అక్కడే గాలి తీసేస్తే, రాత్రికి చల్లబడ్డాక తక్కువవుతుంది. టైరు పగిలేది ఎక్కువగా గాలి తక్కువై పక్క గోడలు మడతపడి వేడెక్కినప్పుడే. నైట్రోజన్ పట్టిస్తే మంచిదే, కానీ మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే. క్రమం తప్పకుండా చూడటం ముఖ్యం.

గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టప్రకారం టైరు అయిపోయినట్టే, వానలో దానికంటే ముందే పట్టు పోతుంది. అరగకపోయినా వయసు చూడండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2321 అంటే 2021లో 23వ వారం. ఎండలో నిలిచే బండికి అయిదారేళ్లు దాటిన టైరు నమ్మదగింది కాదు. స్టెప్నీలో గాలి చూడటం మరవొద్దు. నల్లరేగడి మీద జాకీ పెట్టాల్సి వస్తే కింద మందపాటి చెక్క పెట్టండి, లేకపోతే జాకీ దిగిపోతుంది. హ్యాండ్ బ్రేక్, ఎదురు మూలన ఉన్న టైరుకు రాయి, జాకీ లేపక ముందే నట్లు అర చుట్టు వదులు చెయ్యడం, దించాక ఎదురెదురు నట్లు బిగించడం, 50 కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి బిగించి చూడటం. ఈ వరుస తప్పకూడదు.

బ్యాటరీకి చలికంటే ఎండే శత్రువు. రాత్రంతా నిలిచిన బండిలో మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు రావాలి. 12.2కు తగ్గితే బలహీనం. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అది రాకపోతే బ్యాటరీ మార్చినా లాభం లేదు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను చూపించాలి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూస్తే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, వ్యాజలీన్ రాయండి. తీసేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్. ఐడిల్ స్టార్ట్ స్టాప్ (బండి ఆగినప్పుడు ఇంజన్ తానే ఆగి, మళ్లీ తానే స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న బండిలో మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా చచ్చిపోతుంది. దానికి మాటిమాటికీ స్టార్ట్ చేసే బలమున్న ఈఎఫ్‌బీ రకమే వెయ్యాలి. ఇంజన్ ఆగితే కంప్రెసర్ కూడా ఆగుతుంది, కాబట్టి మే నెలలో దాని బటన్ నొక్కి స్టార్ట్ స్టాప్‌ను ఆపుకోవడమే సుఖం. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆ బటన్ మళ్లీ నొక్కాలి.

ఏజీఎస్ అనే ఆటోమేటిక్ గేరు ట్రాఫిక్‌లో హాయిగా ఉంటుంది. ఇది మామూలు గేరు బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. అందుకే ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని ఆపి పట్టుకుంటే క్లచ్ మాడుతుంది. బ్రేకుతోనో హ్యాండ్ బ్రేకుతోనో ఆపాలి. మన్ననూరు దాటి దోమలపెంట నుంచి కృష్ణ వైపు దిగేటప్పుడు లీవర్‌ను మాన్యువల్ వైపు నెట్టి రెండో గేరులో ఉంచండి, ఇంజనే వేగం ఆపుతుంది. న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకుల మీద పడి, వేడెక్కి, పట్టు జారుతుంది. ఇందులో పార్కింగ్ గేరు లేదు. నిలబెట్టేటప్పుడు బ్రేకు తొక్కి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగాకే ఇంజన్ ఆపాలి.

పెట్రోలు ట్యాంకు 32 లీటర్లు, దూరాలు తిరిగేవారికి కొంచెం చిన్నదే. ముల్లు చివరిదాకా దించకండి. లోపలి పంపు పెట్రోలులో మునిగి ఉండి చల్లబడుతుంది, ఎండకాలం ట్యాంకు ఖాళీగా నడిపితే దాని ఆయుష్షు తగ్గుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తగ్గట్టు వచ్చాయి. అంతకంటే పాతవైతే సర్వీసు అప్పుడు పెట్రోలు పైపుల రబ్బరు పగుళ్లు చూపించుకోండి, మైలేజీ కాస్త తగ్గుతుంది కూడా.

సీఎన్‌జీ బండికి డిక్కీ పోతుంది, ఖర్చు మాత్రం బాగా తగ్గుతుంది. ట్యాంకులో పావువంతు పెట్రోలు ఎప్పుడూ ఉంచి, అప్పుడప్పుడు పెట్రోలు మీద నడపండి, లేకపోతే ఇంజెక్టర్లు బిగుసుకుపోతాయి. పాత సీఎన్‌జీ బండి కొనేటప్పుడు బేరం కంటే ముందు సిలిండర్ హైడ్రో టెస్టు (నీళ్ల ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) కాగితం అడగండి. మూడేళ్లకోసారి ఆ పరీక్ష తప్పనిసరి. సిలిండర్ మీద చెక్కిన నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అని టార్చి వేసి పోల్చి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.